బర్గండీ గోడ మీది గీత

"…అంటే రంగులో నీళ్లు కలిపింది నేనేనని ఖాయం చేసేశావన్న మాట!"

"నువ్వు కలిపావని నేననలేదు. కలిసినట్టుంది అన్నాను."

"కలిసినట్టుందంటే? నీళ్లకి కాళ్లొచ్చి వాటంతటవే డబ్బాలోకి నడిచెళ్లాయా బావా?"

"మెల్లగా మాట్లాడు."

"మెల్లగా ఎందుకు? తప్పు చేసినవాడు కదా మెల్లగా మాట్లాడాల్సింది!"

ఆ నడవా ఇరుకైనది. అందులో నిలబడి ఎంత గొంతు తగ్గించినా మాట ముందుగదిలోకి స్పష్టంగా వెళ్తుంది. ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. ఆ ఇంటావిడ కర్టెన్లు కుడుతుంది. ఆమె మిషను గుడ్డ చివర కాకుండా మధ్యలో ఆగిందంటే వింటున్నదని అర్థం. రంగుల మేస్త్రి అది గమనించాడు. దేన్నయినా గమనించకుండా వదిలెయ్యడం అతనికి చేతకాదు.

బావమరిది రోలరు కర్రని గోడకి ఆనించబోయి, కొత్త రంగని గుర్తొచ్చి, మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అంత కోపంలోనూ గోడని కాపాడాడు. మేస్త్రి అదీ చూశాడు గాని పట్టించుకోలేదు.

"పదహారేళ్లుగా నీ నిచ్చెన కింద నిలబడ్డాను," అన్నాడు బావమరిది. "ఎన్ని ఇళ్ల రంగు నా నెత్తిన పడిందో మా అక్కనడుగు, తల తుడిచింది తనే. ఇవాళ పొద్దున ఆవిడ ముందు ఏమన్నావు? 'మావాడు కాస్త పల్చన చేసినట్టున్నాడమ్మా' అన్నావు. అనే ముందు నన్నొక్క మాట అడిగావా?"

మేస్త్రి గోడ వైపు తిరిగాడు.

ఎడమవైపు గోడ అది. ముందుగది నుంచి వెనకగది దాకా పన్నెండు అడుగులు, ఒక్క తలుపు లేదు, ఒక్క కిటికీ లేదు. మధ్యలో స్విచ్చిబోర్డు తప్ప మరేమీ లేదు. కుడివైపు అంతా తలుపులే. రంగు కార్డు మీద బర్గండీ అని రాసి ఉన్న ఆ ముదురు ఎరుపు, నాలుగు రోజుల క్రితం పని ముగించినప్పుడు మఖమలు గుడ్డ పరిచినట్టుంది. ఇప్పుడు నడుముకి కాస్త పైన, అరచెయ్యంత వెడల్పున ఒక మెరుపు గీత. ఎదురుగా నిలబడితే కనిపించదు. పక్కనుంచి చూస్తే నత్త పాకిన జాడలా కనిపిస్తుంది.

"కొత్తరోడ్డు ఫ్లాట్ల పనికి రమ్మని వాళ్లు నెల నుంచీ పిలుస్తున్నారు," అన్నాడు బావమరిది. ఇప్పుడు గొంతు నిజంగానే తగ్గింది. "మా బావ ఉన్నాడు, రానన్నాను. నువ్వు ఆవిడ దగ్గరికెళ్లి, నీ నోటితో, మావాడి తప్పు లేదని చెప్పు. ఆదివారం దాకా చూస్తాను. చెప్పకపోతే సోమవారం నుంచి నా దారి నాది."

కుట్టుమిషను మళ్లీ మొదలైంది.

మేస్త్రికి యాభై రెండేళ్లు. పొడగరి, సన్నం. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో అతన్ని అనుమానాల మేస్త్రి అంటారు. ఎదురుగానే అంటారు. అతనూ పలుకుతాడు. కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే మంచినీళ్లిచ్చినా తాగడు. ముందు వేళ్ల కణుపులతో గోడలన్నీ తట్టుకుంటూ పోతాడు, డొల్ల మోగుతుందేమోనని. తర్వాత అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటాడు, చెమ్మ ఉందేమోనని. "గోడకి జ్వరం చూస్తున్నాడు," అని బావమరిది ఇంటివాళ్లకి చెబుతుంటాడు. రంగు డబ్బా మూత సీలు చూసి, కుదిపి విని, తెరిచి వాసన చూసి, అప్పుడు గాని పుల్ల ముంచడు. వాన పడుతోందని భార్య చెప్పినా చెయ్యి బయట పెట్టి చూస్తాడు. "నేను నీకు అబద్ధం చెప్పినా వానెందుకు చెబుతుందయ్యా," అంటుందామె.

పుట్టుకతో వచ్చిన గుణం కాదది. పంతొమ్మిదేళ్లప్పుడు సొంతంగా మొదటి పని పట్టాడు, ఒక పెద్దాయన ఇంట్లో. ఈ గోడ ఎండిందా అని అడిగితే, పెద్దాయన నవ్వుతూ భుజం తట్టి, "ఏడాది అయిందిరా, ఎముకలా ఉంది," అన్నాడు. నమ్మాడు. నలభై రోజులకి రంగు బొబ్బలెక్కింది. పెద్దాయన వీధిలో నిలబెట్టి తిట్టాడు. గోడ వెనక పైపు కారుతోందని తర్వాత బయటపడింది గాని, క్షమించమన్న మాట మాత్రం ఎవరి నోటి నుంచీ రాలేదు. ఆ తర్వాత ఒకరి మాట మీద అతను గోడ ముట్టుకోలేదు.

ఒక్కచోట మాత్రం అతని అనుమానం పనిచేసేది కాదు. పదహారేళ్ల కిందట భార్య తమ్ముడు పనికి వచ్చాడు. పొట్టివాడు. నిచ్చెనెక్కితే కాళ్లు వణుకుతాయి. పైసగం బావ నిచ్చెన మీద నుంచి దించుకుంటూ వస్తాడు, కిందిసగం బావమరిది నేల నుంచి ఎక్కించుకుంటూ పోతాడు. ఇద్దరి రంగూ నడుమెత్తున కలుస్తుంది. పైనుంచి వచ్చే అంచు తడిగా ఉండగానే కింద అంచు దాన్ని అందుకోవాలి. ఆరితే గీత పడుతుంది. ఒకరు తొందరపడినా, ఒకరు ఆగినా పని చెడుతుంది. పదహారేళ్లలో వాళ్లు 'ఇప్పుడు' అని గాని, 'ఆగు' అని గాని ఒకరికొకరు చెప్పుకోలేదు. ఒకరి ఊపిరి ఒకరికి తెలిసేది. ఏ గోడ ముగిశాకా ఆ అతుకుని మేస్త్రి టార్చి వేసి చూడలేదు.

ఈ ఇంట్లో గీత సరిగ్గా ఆ ఎత్తునే పడింది.

ఈ రంగు ఎంచుకున్నది ఇంటావిడే. పుస్తకంలోంచి కత్తిరించిన ఒక బొమ్మ, మీగడ రంగు గుడ్డముక్క రెండూ చేత్తో పట్టుకుని వచ్చింది. "ఈ గోడ ముందు ఈ కర్టెను వేలాడితే చూడు మేస్త్రీ. గుడ్డ కొనడానికి వచ్చినవాళ్లకి నేనిక నోరు తెరిచి చెప్పక్కర్లేదు," అంది. ముందుగదిలో ఒక గోడ, అక్కణ్నుంచి నడవా పొడుగునా అదే రంగు. మెరుపు వద్దు, మెరుపు ఉంటే గుడ్డ అందం తినేస్తుందంది.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, మాట తక్కువ. ఆ రోజు కుర్చీలో కూర్చుని, బొమ్మ వైపు చూడకుండానే, "నడవాకి వద్దు," అన్నాడు.

"ఎందుకు వద్దండీ?"

"చీకటిగా ఉంటుంది."

"లైటుంది కదా."

"ఎప్పుడూ లైటు వేసుక్కూచుంటామా? తెలుపే ఉండనీ."

"చూశావా మేస్త్రీ," అందామె ఆయన లేచి వెళ్లాక. "ఇరవై ఏళ్లలో ఈయన ఒక రంగు గురించి మాట్లాడగా నేను వినలేదు. నేను కావాలన్నాను, అందుకని వద్దు. ఈమధ్య అన్నిటికీ ఇంతే. సాయంత్రం అలా నడిచొద్దామన్నా రారు, పొద్దుగూకాక గుమ్మం దాటరు. ఏదో మనసులో పెట్టుకుని తిరుగుతున్నారు. అడిగితే ఏమీ లేదంటారు."

మేస్త్రి తల ఊపాడు. ఇంటివాళ్ల తగాదాలో నోరు పెట్టకూడదని అతనికి తెలుసు.

పని మొదలైన రోజు ఆమె కూడా అతన్ని అనుమానించింది. ఎరుపు అడిగితే గోడంతా బూడిద రంగు పూస్తున్నాడేమిటని మిషను వదిలి వచ్చి నిలబడింది. ఇంత ముదురు ఎరుపుకి కింద బూడిద లేకపోతే ఎన్ని చేతులు వేసినా, ఎన్ని పూతలు పూసినా తెల్లగోడ బయటికి తొంగిచూస్తుందని మేస్త్రి చెప్పాడు. ఆమె నమ్మలేదు. షాపుకి ఫోన్ చేసి కనుక్కుంది. మేస్త్రికి ఆ పని నచ్చింది. తనైనా అదే చేసేవాడు.

షాపు నుంచి వచ్చిన నాలుగు డబ్బాలనీ అతను విడివిడిగా వాడలేదు. ఒకే నంబరు వేసి ఉన్నా ఏ రెండు డబ్బాలూ ఒకే ఎరుపు కావు. అందుకని అన్నిటినీ ఒక పెద్ద బకెట్టులో పోసి కలిపాడు. "బీట్‌రూట్ ఉడికినట్టుంది బావా," అన్నాడు బావమరిది. ఇద్దరూ నవ్వుకున్నారు. అది కిందటి గురువారం.

మంగళవారం పొద్దున ఇంటావిడ అతన్ని పిలిచి, మెడ పక్కకి వంచి, గీత చూపించింది. అతను తడిగుడ్డతో తుడిచాడు. మరక కాదు. టార్చి గోడకి ఆనించి పక్కగా వేశాడు. గీత ఇంకా స్పష్టంగా లేచింది. నడుమెత్తున, అతుకు దగ్గర, పల్చబడినట్టు. "మావాడు కాస్త పల్చన చేసినట్టున్నాడమ్మా," అన్న మాట ఆలోచించకముందే నోట్లోంచి వచ్చేసింది. వెనకగదిలో కిటికీ ఊచలకి రంగు వేస్తున్న బావమరిది విన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"ఫోన్ చేశాడు," అంది.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. బావకి కళ్లజోడు మార్పించు అన్నాడు."

మేస్త్రి చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని వచ్చాడు. ఆమె అన్నం పెట్టింది గాని గిన్నె అతనికి దూరంగా జరిపింది.

"నాకో మాట చెప్పు," అంది. "వాడు నీళ్లు కలపగా నువ్వు చూశావా?"

"చూస్తే అప్పుడే ఆపేవాణ్ని కదా."

"చూడలేదు. మరి ఎలా అన్నావు?"

"అతుకు దగ్గర తేడా వచ్చింది. పైసగం నేను వేశాను. నా సగంలో తేడా లేదు."

"నీ సగం నువ్వే పరీక్ష పెట్టుకుని నువ్వే పాసు చేసుకున్నావా?" ఆమె నవ్వలేదు. "వాడు వెళ్లిపోతే నిచ్చెన కింద ఎవరు నిలబడతారు? నేనొచ్చి నిలబడనా? నిలబడతాను. కానీ మొదటి రోజే నన్నూ అనుమానిస్తావు. నీతో కాపురం చేస్తున్నాను కాబట్టి సరిపోయింది, పనికి మాత్రం రాను."

మేస్త్రి అన్నం తిని లేచాడు. మరునాడు ఏం చెయ్యాలో అతను అప్పటికే నిశ్చయించుకున్నాడు. ఇంటావిడ దగ్గరికెళ్లి మాట వెనక్కి తీసుకోవడం మాత్రం అందులో లేదు.

బుధవారం నడవా గోడ మొత్తం ఒక్కడే వేశాడు. పైనుంచి కింద దాకా. మిగిలిన రంగుని తనే కొలిచి పోసుకున్నాడు, నీళ్ల చెంబుని వాకిట్లోకి నెట్టాడు. నిచ్చెన ఎక్కుతూ దిగుతూ, తడి అంచు ఆరిపోకుండా పరుగెడుతూ, మధ్యాహ్నానికి ముగించేసరికి మోకాళ్లు పట్టేశాయి. వెనకగదిలో బావమరిది ఊచలు పూసుకుంటూ ఉండిపోయాడు. బావ ఒంటిచేత్తో గోడ వేస్తుంటే చూడ్డం కన్నా ఊచల్ని చూడ్డమే నయమనుకున్నట్టు ఒక్కసారీ తల తిప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం గీత మళ్లీ వచ్చింది. అదే ఎత్తున.

మేస్త్రి టార్చి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఈసారి గోడంతా అతని చెయ్యే. అంటే నీళ్లు కాదు. రంగు మంచిది కాదా? మరి పైన ఎందుకు మెరవడం లేదు? చెమ్మా? కణుపులతో తట్టి చూశాడు, అరచెయ్యి ఆనించాడు. పొడి గోడ. ఇక మిగిలింది మనుషులు. ఎవరో రుద్దుతున్నారు. మెరుపు లేని ముదురు రంగుని పొడిగుడ్డతో రుద్దితే ఇలాగే తేలుతుంది. ఎవరు రుద్దుతారు? ఎవరికి కోపం ఉంది?

ఆ ఆలోచన వచ్చినందుకు అతను సిగ్గుపడలేదు. వెనకగది గుమ్మంలో నిలబడి అడిగాడు.

"నిన్న నేను షాపుకెళ్లినప్పుడు నువ్వు నడవాలోకి వెళ్లావా?"

బావమరిది కుంచె ఆపాడు. "వెళ్లాను. బాత్రూము నడవాలోనే ఉంది. కిటికీలోంచి దూకాలా?"

"గోడ ముట్టుకున్నావా?"

బావమరిది అతని ముఖంలోకి చూశాడు. తర్వాత కుంచెని డబ్బా అంచుకి రెండువైపులా ఒత్తి, కిరోసిన్ గిన్నెలో ముంచి, గుడ్డతో తుడిచి, వెంట్రుకలు సరిచేసి, కాగితంలో చుట్టాడు. పని మధ్యలో వదిలేసినా కుంచెని అలా వదలకూడదని అతనికి నేర్పింది మేస్త్రే.

"నా సామాను ఆదివారం వచ్చి తీసుకుంటాను," అన్నాడు. "ఇప్పుడు మోస్తే చేతులు వణికి ఆవిడ గోడకి తగిలిస్తానేమో. అది కూడా కావాలనే చేశానంటావు."

అతను నడవాలోంచి వెళ్తుంటే మేస్త్రి వెనకనుంచి చూశాడు. రెండు చేతులూ ఛాతీకి కట్టుకుని, గోడకి తగలకుండా, పక్కకి తిరిగి నడుస్తూ వెళ్లాడు.

శనివారం మేస్త్రి ఒక్కడే వచ్చాడు. బల్బు వేసి, నేల మీద కూర్చుని, గీతని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. అంతకుముందు ముందుగది వైపు భాగం ఒక్కటే చూసేవాడు. ఇప్పుడు స్విచ్చిబోర్డు దగ్గర ఆగిపోయాడు. గీత అక్కడ తిన్నగా పోలేదు. బోర్డు కిందికి వంగి, దాటాక మళ్లీ పైకి లేచింది. రోలరు అలా వంగదు. కక్షతో రుద్దేవాడు కూడా బోర్డు చుట్టూ అంత మర్యాదగా తిరగడు. అది రోజూ అదే దారిన నడిచే చెయ్యి.

వెనకగదిలో అంతకు ముందురోజు గరుకు కాగితం పట్టిన పుట్టీ పొడి కిటికీ కింద కుప్పగా ఉంది. చిటికెడు అరచేతిలో వేసుకుని, గోడకి దగ్గరగా పెట్టి, గీత పొడుగునా మెల్లగా ఊదాడు. పైకి చూస్తే ఏమీ తెలియదు. తర్వాత తన ముక్కాలిపీటని నడవాలో కుడివైపుకి జరిపి, వెనకగదిలో తలుపు ఓరగా వేసి, కిటికీ చట్రం గీకుతూ కూర్చున్నాడు.

ఇంటావిడ రెండుసార్లు వచ్చి వెళ్లింది. రెండు చేతుల నిండా గుడ్డలు. భుజం కూడా గోడకి తగలనివ్వలేదు. పీటని చూసి, "కాలికి అడ్డం మేస్త్రీ ఇది," అని చీర కుచ్చిళ్లు ఎత్తి దాటింది.

రెండున్నరకి డ్రైవరు డ్యూటీ దిగి వచ్చాడు. బయట ఎండ తెల్లగా కాస్తోంది. చెప్పులు విడిచిన చప్పుడు, భార్యతో ఏదో అన్న చప్పుడు. తర్వాత నడవా మొదట్లో నిలబడ్డాడు. బల్బు వెలుగుతూనే ఉంది. ఎడమచెయ్యి కాస్త ముందుకి చాచి, వేళ్ల వెనకవైపు గోడకి ఆనించాడు. మెడ తిన్నగా, చూపు తిన్నగా పెట్టుకుని బయల్దేరాడు. బోర్డు దగ్గర వేళ్లు కిందికి దిగి మళ్లీ ఎక్కాయి. మూడో అడుగులో కుడికాలు పీటకి తన్నుకుంది. పీట దొర్లింది.

"ఎవరక్కడ?"

"నేనే సార్." మేస్త్రి తలుపు తీశాడు.

"పీట ఇక్కడ ఎవరు పెట్టారు?"

"పొద్దున్నుంచీ అక్కడే ఉంది."

డ్రైవరు, మేస్త్రి చూపు తన చేతి మీద ఉందని తెలిసి, ఆ చెయ్యి ఎత్తి ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. నాలుగు వేళ్ల గోళ్ల మీదా తెల్లటి పొడి ఉంది. వెనకగదిలోకి వచ్చి తలుపు వేశాడు.

"నా మీద నిఘాకి నిన్నెవరు పెట్టారు? ఆవిడా?"

"ఎవరూ పెట్టలేదు."

"డిపోలో ఎవరైనా అడిగారా నిన్ను?"

"మీ డిపో ఎటువైపు ఉందో కూడా నాకు తెలియదు సార్. నా గోడ మీద గీత ఎందుకు పడుతోందో చూసుకుంటున్నాను."

డ్రైవరు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. తనే చెప్పాడు. ఏడాదిన్నర అయిందట. ఎదురుగా ఉన్నది సూదిమొనంతదైనా కనిపిస్తుంది. పక్కలు మాత్రం మూసుకుపోతున్నాయి, గొట్టంలోంచి చూస్తున్నట్టు. వెలుతురులోంచి నీడలోకి వస్తే అదీ ఉండదు. ఏటేటా డిపోలో కళ్లు చూస్తారు. అక్షరాల పటం ఎదురుగానే పెడతారు కాబట్టి చివరి వరస దాకా చదివేస్తాడు.

"రోడ్డు ఎదురుగానే కదా ఉంటుంది," అన్నాడు. "పక్కలకి తల తిప్పి చూసుకుంటాను. పగటి డ్యూటీలే వేయించుకుంటున్నాను."

"ఎప్పుడైనా…"

"ఏమీ కాలేదు." గోళ్ల మీది పొడిని చొక్కాకి తుడుచుకున్నాడు. "మొన్నొకసారి ఎడమపక్క సైకిలు. కండక్టరు బస్సు రేకు మీద చరిచి అరిచాడు. ఆగాను. ఏమీ కాలేదు."

మేస్త్రి చేతిలో గీకే రేకు ఉంది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టాడు.

"తెలుపు ఉన్నప్పుడు గోడ ఎక్కడుందో తెలిసేది," అన్నాడు డ్రైవరు. "ఈ రంగు వేశాక నడవాయే లేదు నాకు. మేస్త్రీ, ఒక పని చెయ్యి. ఈ ముదురు రంగు ఈ గోడకి నిలవడం లేదని చెప్పి తెలుపు వేసెయ్. ఎలాగూ మీ బావమరిది నీళ్లు కలిపాడనే అనుకుంటోంది. అలాగే అనుకోనీ. పోయేదేముంది?"

మేస్త్రి అతని వైపు చూశాడు. ఆ ప్రశ్న నాలుగు రోజుల క్రితం తనని ఎవరైనా అడిగి ఉంటే తనూ పోయేదేమీ లేదనే అనేవాడు.

"పోతోంది సార్," అన్నాడు. "ఆ మాట అన్నది నేను. వాడు రేపు సామాను కోసం వస్తాడు. మీకూ రేపు డ్యూటీ లేదు. అమ్మగారి ముందే వాడి తప్పు లేదని చెబుతాను. మరి గీత ఎలా వచ్చిందని ఆవిడ అడుగుతారు. నేను అబద్ధం చెప్పను. మీ సంగతి మీరు చెప్పుకోవాలి, నా నోట రాదు."

"నువ్వు నోరు మూసుకుంటే నీకేం నష్టం?"

"రోజూ మా ఆవిడ పనికెళ్లేది సిటీ బస్సులోనే. అది ఎక్కేటప్పుడు ఎడమపక్కనే నిలబడుతుంది."

డ్రైవరు తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. ఈసారి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అడుగులు చాలా మెల్లగా పడ్డాయి.

ఆదివారం పదింటికి బావమరిది వచ్చాడు. ఖాళీ సంచి భుజాన వేసుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. ఇంటావిడ రమ్మంటే, "వద్దమ్మా, మళ్లీ ఏది మెరుస్తుందో," అన్నాడు.

"లోపలికి రా," అన్నాడు మేస్త్రి. "నీ ముందే చెప్పాలి."

అతను వచ్చాడు గాని నడవా మొదట్లోనే ఆగాడు. ముందుగదిలో బర్గండీ గోడ ముందు మీగడ రంగు కర్టెను సగం వేలాడుతోంది. దాని పక్కన కుర్చీలో డ్రైవరు కూర్చుని ఉన్నాడు.

"అమ్మా, మంగళవారం నేను మావాడు పల్చన చేశాడన్నాను," అన్నాడు మేస్త్రి. "అది తప్పు. వాడు నీళ్లు కలపలేదు, ఏమీ చెయ్యలేదు. చూడకుండా అన్నాను."

బావమరిది బావ ముఖం వైపు చూశాడు. నమ్మినట్టు లేడు. "ఇప్పుడెవరి మీదకి తోస్తున్నావు? షాపువాడి మీదకా?"

"ఎవరి మీదకీ కాదు."

"మరి గీత ఎక్కణ్నుంచి వచ్చింది మేస్త్రీ?" అంది ఇంటావిడ. "మీవాడిది కాదు, నీది కాదు. రాత్రిళ్లు గోడ తనే గీసుకుంటోందా?"

మేస్త్రి స్విచ్చిబోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నోరు విప్పవేం? నిన్నటిదాకా ఒకరినొకరు తిట్టుకున్నారు, ఇవాళ ఒక్కటయ్యారు. మీ బావా బావమరుదులిద్దరూ కలిసి నా చెవిలో పూలు పెడుతున్నారు. రంగు చెడిందంటే చెడిందని చెప్పండి. నేను షాపుకి ఫోన్ చేసి కనుక్కుంటాను." ఆమె ఫోను అందుకుంది.

మేస్త్రి అప్పటికీ మాట్లాడలేదు. అతని మెడ మీద చెమట పట్టడం బావమరిది చూశాడు.

కుర్చీ కిర్రుమంది. డ్రైవరు లేచి వాళ్ల మధ్యలోంచి నడవా దగ్గరికి వచ్చాడు. బావమరిది పక్కకి జరిగాడు. ఎడమచెయ్యి చాచి వేళ్ల వెనకవైపు గోడకి ఆనించి, డ్రైవరు నడిచాడు. బోర్డు దగ్గర వేళ్లు కిందికి దిగాయి, మళ్లీ ఎక్కాయి. చివరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి, వాళ్లు ముగ్గురూ నిలబడి ఉన్న వైపు చూశాడు. వాళ్లలో ఎవరినీ చూస్తున్నట్టు లేదు.

"ఏంటండీ ఇది?" అందామె. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

"పక్కలు కనపడటం లేదు నాకు. ఏడాదిన్నర నుంచి," అన్నాడతను. "రేపు డిపోకెళ్లి చెప్పేస్తాను. ఇక బస్సు నడపను."

ఆమె ఫోను కిందికి దించింది. అవతల ఎవరో 'హలో' అంటున్నారు. ఆమె నడవాలోకి వెళ్లి, అతని మోచెయ్యి పట్టుకోబోయి, ఏ చెయ్యి పట్టుకోవాలో తెలియనట్టు ఆగి, కుడిచెయ్యి పట్టుకుంది.

"అప్పుడే చెప్తే ఈ రంగు వేయించేదాన్నా?" అంది. "నేను పంతం పట్టాననుకున్నారా? మీరు పంతం పట్టారని నేననుకున్నాను."

ఇద్దరూ ముందుగదిలోకి వచ్చారు. ఆమె అతన్ని కూర్చోబెట్టి, కర్టెను కొస సర్ది, ఆ తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. గొంతు మామూలుగానే ఉంది.

"ఈ గది గోడ ఇలాగే ఉండనీ మేస్త్రీ. నడవా తెల్లగా వేసెయ్."

"అలాగేనమ్మా. కానీ ఈ ఎరుపు మీద తెలుపు ఎక్కాలంటే నాలుగు చేతులు పడాలి." మేస్త్రి బావమరిది వైపు చూడకుండా గోడని కణుపులతో తట్టాడు. "ఇద్దరు లేనిదే అయ్యే పని కాదు."

బావమరిది వెనకగదిలోకి వెళ్లాడు. కాగితంలో చుట్టిన కుంచె, రోలరు, గరుకు కాగితాలు ఉన్నచోటే ఉన్నాయి. వాటిని కాసేపు చూసి, ఖాళీ సంచిని మడిచి కిటికీ గట్టు మీద పెట్టి, గుమ్మంలోకి వచ్చాడు.

"ఈ గోడ అయ్యేదాకా ఉంటాను బావా," అన్నాడు. "అయ్యాక ఆ ఫ్లాట్ల పనికే వెళ్తాను."